కచేరీ హాల్లో డొల్ల బండ

ఆ రోజుల్లో అసూయపడాలన్నా ఒళ్లు వంచి కష్టపడాల్సి వచ్చేది. ఇప్పుడంటే పొద్దున్నే ఫోన్ తెరిస్తే చాలు, ఎవడు కారు కొన్నాడో, ఎవడు గోవా పోయాడో, ఎవడింట్లో ఎంత పెద్ద కేకు కోశారో, అన్నీ మంచం మీదికే వచ్చి మన కడుపు మండించి పోతున్నాయి. అప్పుడలా కాదు. మనమే రైలెక్కి, నిలబడి ప్రయాణం చేసి, కళ్లారా చూసి, తృప్తిగా కుళ్లుకుని, మళ్లీ రైలెక్కి ఇంటికి రావాలి. (ఆ రోజులంటే నైజాం కాలం అనుకునేరు. అప్పటికే ఫోన్లు వచ్చాయి, నా దగ్గరా ఒకటి ఉండేది. కాకపోతే నా ఫోన్లో మాట్లాడటం తప్ప ఇంకో పని అయ్యేది కాదు, మా బావ ఫోన్లో ఫొటోలు కూడా పడేవి. చూశారా, కథ మొదలుపెట్టకముందే బావ దగ్గరికి వచ్చేశాను.)

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే కొన్ని నెలలు పెద్ద. పెద్దేముల్ దగ్గర మా ఊళ్లో వాళ్లిల్లూ మా ఇల్లూ ఎదురెదురు. ఇద్దరం కలిసే బడి మానేశాం, కలిసే తాండూరు వచ్చి బండలు పరిచే పనిలో చేరాం. తాండూరు బండ మీకు తెలియనిదేం కాదు. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా వేసుకోకుండా ఒళ్లు వాల్చాలనిపించే చల్లటి నాపరాయి ఉంటుందే, అదే. భూమిలోంచి దాన్ని తీసేవాళ్లు వేరు, కోసి పాలిష్ పట్టేవాళ్లు వేరు, తీసుకుపోయి నేల మీద పరిచేవాళ్లం మేము. మా బావకు చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి. ఏది చూసినా సమంగా ఉందా లేదా అని చూస్తాడు. పెళ్లిలో బంతికి కూర్చుంటే ముందు విస్తట్లో చారు పోయించుకుంటాడు. అది ఎటు పారుతుందో చూసి, "నేల తూర్పుకు వంగింది" అని తేల్చుకున్నాకే అన్నం పెట్టించుకుంటాడు. అందుకే వాడికి లెవెల్ బావ అని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. ఎగతాళికి పెట్టాను, అది కాస్తా బిరుదై కూర్చుంది. తాండూరులో ఏ పాలిష్ యూనిట్‌కు పోయినా "లెవెల్ వచ్చిండా?" అని వాణ్ణే అడిగేవాళ్లు. వాడి వెనక నిలబడ్డ నాకు పేరే లేదు, "గా ఇంకో పిల్లగాడు" అనేవాళ్లు.

మా ఇద్దరికీ పని నేర్పింది ఒకే మేస్త్రీ. తక్కువ మాట్లాడేవాడు, ఆ తక్కువ కూడా తిట్లకే వాడుకునేవాడు. ఆయనకు ఒకసారి హైదరాబాదులో పెద్ద పని వచ్చింది. సంగీతం వినడానికని ప్రత్యేకంగా ఒక హాలు కడుతున్నారట, మూల అనేదే లేని భవనమట, దాని నేలంతా మన తాండూరు బండేనట. ఆ మాట వినగానే నేను నా సామాను కడిగి, రబ్బరు సుత్తెకు కొత్త పిడి కూడా వేయించుకున్నాను. మేస్త్రీ మాత్రం బావను వెంటబెట్టుకుని, నన్ను కొడంగల్ పొమ్మన్నాడు. అక్కడ కందులు నిల్వ చేసే గోదాములో బండలు వేయాలట.

"నన్నెందుకు తోల్కపోతలేవు మేస్త్రీ?" అని అడిగాను.

"నీ చెయ్యి ఉరుకుతది. వాని చెయ్యి ఆగుతది. గాడ ఆగే చెయ్యి గావాలె" అన్నాడు.

ఇంతే. అన్నం తింటున్నా ఆ మాటే, స్నానం చేస్తున్నా ఆ మాటే. నా చేతిని నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను, ఎక్కడ ఉరుకుతోందో అని. కొడంగల్ గోదాములో నా పనిని మెచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు, ఎలుకలు తప్ప. బావ మాత్రం నెలకోసారి ఊరికొచ్చి, ఆ హాలు గోడలు ఎలా వంగాయో, వంపును బట్టి ఒక్కో బండను ఎలా కోయాలో వాకిట్లో కూర్చుని చెబుతుంటే ఊరంతా మూగేది. అత్త గర్వానికి పగ్గాల్లేవు. చివరికి ఆదివారం చర్చిలో పాస్టరుగారు కూడా, "మన సంఘపు పిల్లగాని చేతులను దీవించి పట్నంల అంత పెద్ద పని చేయించినందుకు దేవునికి స్తోత్రం" అని ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అనాల్సి వచ్చింది. కళ్లు మూసుకుని, పళ్లు నూరుకుంటూ ఆమెన్ అనడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి.

హాలు పని అయిపోయింది. ఈలోగా మేస్త్రీకి మోకాళ్లు పట్టేశాయి, కింద కూర్చుంటే లేవలేకపోతున్నాడు. వికారాబాద్‌లో అనంతగిరి గుట్టల కింద ఒక రిసార్టు పని ఒప్పుకుని, జట్టును బావకు అప్పగిస్తానని చెప్పాడు. అంటే సోమవారం నుంచి నేను బావ కింద పని చేయాలి. వాడు "ఇది తియ్యి" అంటే తీయాలి, "మళ్ల పెట్టు" అంటే పెట్టాలి. ఇంటి ఎదురుగా పుట్టి, కలిసి గోళీలాడి, కలిసి దెబ్బలు తిన్నవాణ్ణి మేస్త్రీ అని పిలవాలి. ఉండబట్టలేక తాండూరు స్టేషను దగ్గర చాయ్ తాగుతున్న మేస్త్రీని పట్టుకున్నాను.

"వానికన్న నేనేం తక్కువ మేస్త్రీ?"

ఆయన చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, నన్ను వదిలించుకోవడానికన్నట్టు అన్నాడు. "వాని పనిల ఒక్క తప్పు తీసి సూపియ్యి. జట్టు నీకిస్త, పో."

ఆయన ఊరికే అన్నాడో నిజంగా అన్నాడో ఆలోచించేంత ఓపిక నాకు లేదు. కోర్టు తీర్పు చేతికొచ్చినట్టు పొంగిపోయాను. ఎంతటి పనివాడైనా అంత పెద్ద హాల్లో ఎక్కడో ఒకచోట జారడా? ఇక ఆ హాల్లోకి పోవడం ఎలాగా అన్నదే ప్రశ్న. ఆ దారి కూడా బావే చూపించాడు. హాలు కట్టించినవాళ్లు ఆ శనివారం కచేరీకి మేస్త్రీకి పాసులిచ్చారట. ఆయన "కూసోని పాటలు ఇనేటంత తీరిక నాకు లేదు" అని వాటిని బావకిచ్చాడు. బావ నేరుగా నా దగ్గరికొచ్చి, "అమ్మ వస్తున్నది. నువ్వు సుత రా బామ్మర్ది, నా పని సూద్దువుగాని" అన్నాడు. అంత ప్రేమగా పిలిచేసరికి ఒళ్లు మండింది. వెంటనే వస్తానన్నాను.

ముగ్గురం తాండూరులో రైలెక్కాం. అత్త పట్టుచీర కట్టుకుంది. సీటు దొరకలేదు, ఆమెకు ఆ లోటు తెలియనేలేదు. నిలబడే ఆ డబ్బాలో వాళ్లందరికీ కొడుకు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సేడం నుంచి వస్తున్న ఒక కన్నడ పెద్దాయన తెలుగు అర్థమైందో లేదో గానీ ప్రతి మాటకూ "హౌదా, హౌదా" అంటూ ముచ్చటపడ్డాడు. ధారూర్ దాటాక ఆయన లేచి ఆమెకు సీటిచ్చాడు. వికారాబాద్ వచ్చేసరికి ఆ చుట్టుపక్కల వాళ్లంతా బావ ముఖం చూడటానికి మెడలు సాచారు. ఇద్దరిలో ఆ కొడుకు ఎవరో తెలియక కొందరు నన్ను చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను. తర్వాత అత్త "గా పిల్లగాడు కాదు, గీ పిల్లగాడు" అని సరిచేసింది.

లింగంపల్లిలో దిగి, ఆటో పట్టుకుని హాలు ముందు దిగాం. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి గదా, అలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. గోడ ఎక్కడ అయిపోయిందో, కప్పు ఎక్కడ మొదలైందో తెలియదు. నేల దగ్గర లేచిన గోడే మెల్లగా వంగుతూ పైకి పోయి కప్పయి, అవతలి వైపు మళ్లీ నేలకు దిగింది. అంతా తెల్లగా ఉంది, సాయంత్రపు ఎండ పడి ఒకవైపు పసుపు రంగుకు తిరిగింది. జనం మెట్ల మీద ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. అత్త చాలాసేపు తేరిపార చూసి, "బోర్లిచ్చిన చాటలెక్క ఉన్నది" అంది. లోపలికి అడుగుపెట్టాక ఇంకో అనుమానం వచ్చిందామెకు. "గింత పెద్ద ఇంటికి ఒక్క స్తంభం లేదేంది కొడుకా? మీదికెల్లి ఏది పట్టుకున్నది?"

"లెక్క గట్టి కట్టిన్రమ్మా, ఏం గాదు" అన్నాడు బావ.

"నువ్వేసిన బండలైతే కిందనే ఉన్నయి గద. గవి పడవు తియ్యి" అని అత్త ధైర్యం తెచ్చుకుంది.

తలుపు దగ్గర ఆమె చెప్పులు విడిచింది. మా వైపు చర్చి లోపలికి చెప్పులతో పోము, ఆమెకు అదే అలవాటు. కాపలా అతను పరుగున వచ్చి, "అమ్మా, చెప్పులతోనే పోవచ్చు" అన్నాడు. "నా కొడుకు పరిచిన బండ మీద చెప్పులతోని నడుస్తనా?" అని ఆమె లోపలికి పోయింది. ఆ అతనికి ఏమీ అర్థం కాలేదు. నేను కూడా గబగబా చెప్పులు విడిచాను. అత్తది భక్తి, నాది వేరే లెక్క. మా పనిలో కన్ను కంటే అరికాలు గొప్పది. రెండు బండలు కలిసేచోట కాగితం మందం తేడా ఉన్నా కన్ను మోసపోతుంది గానీ అరికాలు మోసపోదు. అదిగో, ఆ తేడా కోసం నేను ఆ నున్నటి నేల మీద పాదాలు ఈడ్చుకుంటూ బయలుదేరాను.

అందరూ తలలెత్తి కప్పు చూస్తున్నారు. ఆ కప్పు నుంచి చెక్క పలకలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో వేలాడుతున్నాయి. అవి సోకుకు కాదనీ, వేదిక మీది శబ్దాన్ని పట్టుకుని అన్ని సీట్లకూ సమంగా పంచడానికనీ బావ చెప్పాడు. నేను తలెత్తలేదు. నేను ఒక్కణ్ణే తల దించుకుని, చెప్పుల్లేని కాళ్లతో, ఒక్కో అతుకు మీదా కాలు రాస్తూ, పోగొట్టుకున్న ఉంగరం వెతుక్కుంటున్నవాడిలా నడుస్తున్నాను. సెంటు పూసుకున్న ఒకామె జాలిపడి, "ఏమైనా పడిపోయిందా బాబూ?" అని అడిగింది కూడా. లేదన్నాను. నిజానికి పడిపోతోంది, నా ఆశ. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. గోడ వంగినచోట బండ కూడా దానితోపాటే వంగింది, మధ్యలో వెంట్రుక పట్టేంత సందు లేదు. ఒక బండలోని నీలి చార పక్క బండలోకి, అక్కణ్ణుంచి ఆ పక్క బండలోకి తెగకుండా పోయింది. అలా చారలు కలవాలంటే ఎన్ని బండలు తిప్పి, ఎన్ని పక్కన పెట్టాలో నాకు తెలుసు. ఆ చేతులకు మొక్కాలనిపించింది. ఆ చేతులవాడి గొంతు నులమాలని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపిస్తే మనిషి ముఖం ఎలా ఉంటుందో తెలియదు గానీ, బావ మాత్రం నా పక్కనే నడుస్తూ, "కడుపుల నొస్తున్నదా?" అని అడిగాడు.

లోపల సీట్ల మధ్య నడవ కూడా బండే. నేను కావాలని నడవ పక్క సీటు చూసుకుని కూర్చున్నాను. నా పక్కన అత్త, ఆమె పక్కన బావ. నాకు ఇంకొక్క ఆశ మిగిలింది. బండ పైకి ఎంత అందంగా ఉన్నా కింద సిమెంటు మాలు సరిగ్గా నిండకపోతే డొల్ల ఉంటుంది. అది కంటికీ కనపడదు, కాలికీ తెలియదు. రూపాయి బిళ్లతో కొట్టి వినాలి. నిండుగా ఉంటే "టిక్" అంటుంది, డొల్లైతే "డబ్" అంటుంది. బండలవాళ్లెవరైనా చేసే పరీక్షే ఇది. జేబులో బిళ్ల తడిమి చూసుకున్నాను.

ఒకాయన వేదిక మీదికొచ్చి ఏదో చెప్పాడు. ఈ హాల్లో మైకు అక్కర్లేదనీ, వేదిక మీద గుసగుసలాడినా చివరి వరసకు వినపడుతుందనీ, చివరి వరసలో గుసగుసలాడినా వేదికకు వినపడుతుందనీ, దయచేసి సహకరించాలనీ అన్నాడు. ఆ మాటలు నా చెవిలో పడ్డాయి గానీ, నా బుర్రంతా కాళ్ల దగ్గర ఉండటం వల్ల లోపలికి పోలేదు. తర్వాత తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు వచ్చి వీణ పట్టుకుని కూర్చున్నారు. పక్కన మృదంగం ఆయన. దీపాలు తగ్గాయి. వీణ మొదలైంది.

వీణ గురించి నేనేం చెప్పలేను, నేను వినలేదు గనక. మృదంగం ఎప్పుడు జోరందుకుంటుందా అని కాచుకుని కూర్చున్నాను. ఆ చప్పుడులో నా చప్పుడు కలిసిపోతుందని నా తెలివి. కాసేపటికి అది మంచి ఊపందుకుంది. దస్తీ కింద పడేసి, తీసుకుంటున్నట్టు వంగి, నడవలో ఒక బండ మీద కొట్టాను. టిక్. చెయ్యి ఇంకాస్త సాచి దాని పక్కది కొట్టాను. టిక్. సీట్లోంచి సగం జారి, మోకాలి మీద కూర్చుని, గోడ వైపున్న ఇంకో బండ కొట్టాను. డబ్.

దొరికాడు. లెవెల్ బావ దొరికాడు. పాస్టరుగారి ప్రార్థన, కన్నడాయన సీటు, కొడంగల్ ఎలుకలు, అన్నిటికీ ఒక్కసారే జవాబు దొరికింది. సోమవారం నుంచి ఎవరు ఎవరి కింద చేస్తారో చూద్దాం. కానీ ఇంత పెద్ద విషయంలో ఒక్క దెబ్బతో తీర్పు చెప్పకూడదు గదా, మేస్త్రీ ముందు సాక్ష్యం గట్టిగా ఉండాలి. బిళ్లను వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, ఈసారి బలంగా కొట్టాను.

సరిగ్గా అప్పుడే మృదంగం ఆగింది.

డబ్ అన్న ఆ చప్పుడు నా చేతి కింద నుంచి లేచి, వంగిన గోడ మీదుగా పైకి పోయి, ఆ చెక్క పలకలన్నిటికీ తగిలి, అన్ని సీట్లకూ సమంగా పంచబడింది. బావ చెప్పింది అక్షరాలా నిజం. వీణ మీద పెద్దావిడ చెయ్యి ఆగిపోయింది. మృదంగం ఆయన అనుమానంగా తన మృదంగం వైపే చూసుకున్నాడు. హాల్లోని తలలన్నీ మెల్లగా నా వైపు తిరిగాయి. నేను నడవలో మోకాలి మీద, చేతిలో రూపాయి బిళ్లతో ఉన్నాను.

"ఏంది కొడుకా, బండను ఎందుకు కొడ్తున్నవ్?" అని అత్త తనకు చేతనైనంత మెల్లగా అడిగింది. అదీ అందరికీ వినపడింది.

"డొల్ల ఉన్నదత్తా" అన్నాను. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. విజయం నోట్లో ఆగలేదు. ముందు వరసలో ఎవరో ముసిముసిగా నవ్వారు, ఆ నవ్వు కూడా వెనకదాకా వచ్చింది. నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి చిన్న టార్చి పట్టుకుని వచ్చి, "సర్, కొంచెం బయటికి వస్తారా?" అంది. నన్ను సర్ అని పిలిచింది ఆమే మొదలు. ఆ మర్యాద కూడా బయటికి పంపడానికే దక్కింది. నా వెనక బావ లేచి వచ్చాడు. అత్త మాత్రం కదల్లేదు. "మీరు పోండ్రి. నేనింట" అంది.

బయటి హాల్లో ఎవరూ లేరు. తలుపు మూసుకోగానే నేను బావ వైపు తిరిగాను. పోయిన పరువు ఎలాగూ పోయింది, దక్కినదైనా దక్కించుకోవాలి.

"డొల్ల దొరికింది బావా" అన్నాను.

వాడి ముఖం పాలిపోతుందని ఎదురుచూశాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఏ బండ? గోడ పక్కదేనా, నీలి చార అడ్డంగ పోయింది సూడు, గదేనా?" అన్నాడు.

"గదే."

"అది డొల్ల గాదు బామ్మర్ది. మూత."

నాకు అర్థం కాలేదు. వాడు నేల మీద చతికిలబడి, వేలితో గీస్తూ చెప్పాడు. దీపాల తీగలన్నీ నడవ కింద కాలువలో పోతాయట. ఎప్పుడైనా చెడిపోతే తెరవడానికి అక్కడ ఒక మూత ఉండాలి. మామూలుగా అయితే అందరూ ఇనప మూత పెడతారు. చూడటానికి బాగుండదని ఇక్కడ బండనే మూతగా చేయమన్నారట. ఒకే బండలోంచి మధ్య ముక్కను కోసి, చార తప్పకుండా, అంచు కనపడకుండా మళ్లీ అక్కడే కూర్చోబెట్టాలి. రెండు బండలు పగిలాయట, మూడోదానికి కుదిరిందట. పైన అతుక్కునే రబ్బరు పట్టుతో లాగితే పైకి లేస్తుందట.

"మొన్న ఇంజనీరు సారే ఎతుక్కుండు, ఏది మూతనో తెల్వక. నాకు ఫోన్ జేసి అడిగిండు" అన్నాడు బావ. "నువ్వైతే ఒక్క బిళ్లతోని పట్టినవ్."

నా చేతికి దొరికిన ఒకే ఒక్క తప్పు ఆ హాలంతటిలోకీ గొప్ప పని అని తేలింది. ఆ అంచు మీద నా అరికాలు నడిచింది, నా చూపు కూడా నడిచింది, రెండిటిలో ఏదీ దాన్ని పట్టుకోలేదు. బావ ముఖంలో మాత్రం నేను ఎప్పుడూ చూడని వెలుగు ఉంది. నా రెక్క పట్టుకుని ఆ ఖాళీ హాలంతా తిప్పాడు. ఇక్కడ చూడు, ఈ వంపు చూడు, ఈ ముక్క కోయడానికి రోజంతా పట్టింది, ఇది మేస్త్రీ వద్దన్నా నేను మార్చాను, అంటూ చిన్నపిల్లాడిలా చెప్పుకుపోయాడు. ఊళ్లో వాకిట్లో చెప్పినప్పుడు వాడిలో ఈ ఆత్రం లేదు. విన్నవాళ్లకు అర్థం కాదని వాడికి తెలుసు గదా.

"తెరిసిననాడు సుత వచ్చిన నేను" అన్నాడు చివరికి. "శానా మంది పెద్దోళ్లు వచ్చిన్రు. అందరికి దండలేసిన్రు, అందరు మీదికే సూసిన్రు. నా బండల మీద నిలబడి, కప్పును సూసి మస్తుగున్నదన్నరు. కిందికి సూసినోడివి నువ్వొక్కనివే."

నేను తడబడి, "నేనేం ఊకెనే చూడలే బావా..." అన్నాను.

"తప్పు ఎతుకుతున్నవని నాకు ఎర్కనే. మేస్త్రీ చెప్పిండు. గందుకే నిన్ను పిల్చిన. తప్పు ఎతికెటోడే గద అన్ని బండలు సూసెటోడు."

ఎంత మాటన్నాడు. ఇంకొకడైతే ఆ మాటకు కళ్లు చెమర్చి బావను కౌగిలించుకునేవాడు. నాకు మాత్రం, అంత పనితనం ఇచ్చిన దేవుడు అంత మంచి మనసు కూడా వీడికే ఇవ్వాలా, ఇంకొకరికి కొంచెం మిగల్చకూడదా అని మళ్లీ కడుపు మండింది.

కచేరీ అయ్యాక అత్త బయటికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి. "ఏం పాటనో ఏమో తెల్వలే గని, పానం తేలికైంది" అంది. చెప్పులు వేసుకుని తిన్నగా ఆటో ఎక్కింది, నేల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తిరుగు రైల్లో సీటు దొరికింది, పక్కన వినడానికి మనుషులూ ఉన్నారు. అత్త మాత్రం కొడుకు ఊసే ఎత్తకుండా కిటికీకి తల ఆనించి, ఆ వీణ పాటను తనకు వచ్చినట్టు కూనిరాగం తీస్తూ కూర్చుంది. బావ కాసేపు చూశాడు, ఇంకాసేపు చూశాడు. "నా బండల ముచ్చటనే మర్సింది సూడు. పోంగ రైల్ల మస్తు చెప్పింది. గా వీణామె వచ్చి చెడగొట్టింది" అన్నాడు నా చెవిలో. ఆ మాట వినగానే నాకు ఆరోజు మొదటిసారి హాయిగా నవ్వొచ్చింది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఇద్దరం కలిసి ఆ పెద్దావిడ మీద కుళ్లుకున్నాం.

మర్నాడు మేస్త్రీ అడిగాడు, "దొరికిందా తప్పు?"

"దొరకలే" అన్నాను.

"ఐతే సోమవారం వాని కింద చెయ్యి పో."

పోయాను. అనంతగిరి కింద ఆ రిసార్టులో వాడు "తియ్యి" అంటే తీశాను, "మళ్ల పెట్టు" అంటే పెట్టాను. లోపల తిట్టుకుంటూనే పెట్టాను. నా చెయ్యి ఎప్పుడు ఆగడం నేర్చుకుందో నాకు తెలియదు. ఒకరోజు నేను వేసిన వరస మీద వాడు ఆగి, వంగి, చాలాసేపు చూసి, ఏమీ అనకుండా పోయాడు. ఆ సాయంత్రమంతా వాడి ముఖం ముడుచుకునే ఉంది. ఆ సంతోషంతో నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇప్పుడు నాకూ ఒక జట్టుంది. బావ పని మానేసి తాండూరులో బండల దుకాణం పెట్టుకున్నాడు, పొట్ట పెంచాడు. ఈమధ్య వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలుకు నేను నేల పరిచాను. నాకు తెలిసినంతలో నా చేతికి వచ్చినవాటిలో అదే మంచిది. తెరిచే రోజున బావను ప్రత్యేకంగా పిలిచాను. వాడు వచ్చాడు, తలుపు దగ్గరి నుంచి వేదిక దాకా నడిచాడు, నా భుజం మీద చెయ్యేసి నలుగురూ వినేలా, "మస్తుగ జేసినవ్ బామ్మర్ది. ఫస్ట్ క్లాస్. నా కండ్లు సల్లబడ్డయి" అన్నాడు. అని నవ్వుతూ భోజనాల వైపు పోయాడు. ఒక్క అతుకు దగ్గర కూడా వంగి చూడలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది, ముఖం ఎందుకలా వేలాడేశావని. "అన్న గంత మంచిగ మెచ్చుకున్నడు గద. ఇంకేం గావాలె నీకు?"

"అదే బాధ. మనసుల ఏం లేకుండ మెచ్చుకున్నడు" అన్నాను. "జర కుళ్లుకుంటె బాగుండు."

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆమెకు వచ్చినంత రాలేదు. కాళ్లీడ్చుకుంటూ, పళ్లు నూరుకుంటూ, నా అతుకులన్నీ ఒక్కొక్కటే వెతికే కుళ్లుబోతు కుర్రాడు ఒక్కడు, ఆ రోజు వికారాబాద్‌కు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ చాయ్ కోసం కూర్చున్నాను.